క్రెటా కొనాలనుకుంటున్నారా? ఏ వేరియంట్‌లో ఏముంది.. లక్ష ఎక్కువ పెడితే వచ్చేదేంటి.. షోరూమ్‌కు వెళ్లే ముందే తెలుసుకోండి!

బడ్జెట్ 14 లక్షలు అనుకుని షోరూమ్‌లోకి వెళ్తారు. బయటికొచ్చేసరికి బుకింగ్ ఫామ్ మీద 18 లక్షల వేరియంట్ పేరు ఉంటుంది. "ఇంకో రెండు వేలు ఈఎంఐ పెరుగుతుంది, అంతే సార్" అన్న ఒక్క మాట చాలు. సన్‌రూఫ్, పెద్ద స్క్రీన్, చల్లగాలి వచ్చే సీట్లు చూశాక కింది వేరియంట్ మీదకు మనసు పోదు. కానీ ఆ రెండు వేలు ఐదేళ్లు కట్టాలి. అందుకే కారు ఎంచుకోవడం కంటే వేరియంట్ ఎంచుకోవడమే అసలు కష్టం.

మిడ్‌సైజ్ ఎస్‌యూవీల్లో మన దగ్గర ఎక్కువగా వినిపించే పేరు హ్యుందాయ్ క్రెటా. 2015 జులైలో తొలిసారి మార్కెట్లోకి వచ్చింది. ఇప్పుడు రోడ్ల మీద కనిపిస్తున్న కొత్త రూపం 2024 జనవరి 16న లాంచ్ అయింది. చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరు ప్లాంట్‌లో తయారవుతుంది. దీని వేరియంట్లు ఒక్కోటి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతాయి, ఎవరికి ఏది సరిపోతుందో చూద్దాం.

ముందు కారు సంగతి

పొడవు 4,330 మిల్లీమీటర్లు, వెడల్పు 1,790, ఎత్తు 1,635. వీల్‌బేస్ 2,610. డిక్కీ 433 లీటర్లు. ఐదుగురు కూర్చునే కారు. ఈ కొలతలన్నీ బేస్ వేరియంట్‌కూ టాప్ వేరియంట్‌కూ ఒకటే. అంటే ఎక్కువ డబ్బు పెట్టినంత మాత్రాన లోపల జాగా పెరగదు. ఇంట్లో ఆరుగురు, ఏడుగురు తిరగాలనుకుంటే టాప్ వేరియంట్ కొన్నా లాభం లేదు, వేరే కారు చూడాల్సిందే.

ఇంజిన్లు మూడు. 1.5 లీటర్ మామూలు పెట్రోల్ 115 పీఎస్ పవర్, 144 ఎన్ఎం టార్క్ ఇస్తుంది. 1.5 లీటర్ టర్బో పెట్రోల్ 160 పీఎస్, 253 ఎన్ఎం. 1.5 లీటర్ డీజిల్ 116 పీఎస్, 250 ఎన్ఎం. నంబర్లు చూస్తే మామూలు పెట్రోల్‌కు, డీజిల్‌కు పవర్ దాదాపు సమానమే. తేడా అంతా టార్క్‌లో ఉంది. నలుగురు మనుషులు, నిండా లగేజీతో అరకు ఘాట్ ఎక్కేటప్పుడు ఆ తేడా కాలి కింద తెలిసిపోతుంది. సిటీలో ఒక్కరే ఆఫీసుకు వెళ్లేవాళ్లకు మామూలు పెట్రోల్ సరిపోతుంది.

మెట్టు మెట్టుకూ ఎంత పెరుగుతుంది?

2024లో లాంచ్ అయినప్పుడు పెట్రోల్ మాన్యువల్ ఎక్స్‌షోరూమ్ ధరలు ఇలా ఉన్నాయి. ‘ఇ’ 10.99 లక్షలు, ఈఎక్స్ 12.17, ఎస్ 13.39, ఎస్(ఓ) 14.32, ఎస్ఎక్స్ 15.27, ఎస్ఎక్స్ టెక్ 15.95, ఎస్ఎక్స్(ఓ) 17.24 లక్షలు. ఆ తర్వాత ధరలు కొంచెం పెరిగాయి. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మారడంతో మళ్లీ తగ్గాయి. అంతకుముందు ఈ కారు మీద జీఎస్టీ, సెస్ కలిపి 45 శాతం ఉండేది. ఇప్పుడు సెస్ లేకుండా 40 శాతం. దాంతో బేస్ వేరియంట్ 11.11 లక్షల నుంచి సుమారు 10.73 లక్షలకు దిగింది.

ఇక్కడ గమనించాల్సింది ధర కాదు, మెట్టుకూ మెట్టుకూ మధ్య ఉన్న గ్యాప్. ‘ఇ’ నుంచి ఈఎక్స్‌కు 1.18 లక్షలు. అక్కడి నుంచి ఎస్‌కు 1.22 లక్షలు. ఎస్ నుంచి ఎస్(ఓ)కు 93 వేలు. ఎస్(ఓ) నుంచి ఎస్ఎక్స్‌కు 95 వేలు. అక్కడి నుంచి టెక్‌కు 68 వేలు. చివరి మెట్టు ఎస్ఎక్స్(ఓ)కు 1.29 లక్షలు. ఒక్కో మెట్టు చిన్నదే అనిపిస్తుంది. కింది నుంచి పైదాకా ఎక్కితే మాత్రం 6.25 లక్షలు. ఆ డబ్బుతో ఇంకో చిన్న కారు వచ్చేస్తుంది.

‘ఇ’: పేరుకే బేస్

బేస్ వేరియంట్ అంటే చాలామందికి చిన్నచూపు. కానీ దీంట్లో ఆరు ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి. నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు ఉన్నాయి. బండి అదుపు తప్పకుండా చూసే ఈఎస్‌సీ, ఎత్తులో ఆగి మళ్లీ కదిలేటప్పుడు వెనక్కి జారకుండా ఆపే హిల్ అసిస్ట్, అన్ని సీట్లకూ మూడు పాయింట్ల సీట్‌బెల్ట్.. అన్నీ ఉన్నాయి. మొత్తం 36 సేఫ్టీ ఫీచర్లు అన్ని వేరియంట్లలోనూ స్టాండర్డ్ అని కంపెనీ చెబుతోంది. ఏసీ ఉంది, వెనక సీటుకు ఏసీ వెంట్లు ఉన్నాయి.

లేనిది మ్యూజిక్ సిస్టమ్. టచ్ స్క్రీన్ ఉండదు. చక్రాలు 16 అంగుళాల స్టీల్‌వి. బయట స్క్రీన్ వేయించుకుంటే అయిపోతుంది కదా అనుకునేవాళ్లు ఒక విషయం గుర్తుంచుకోవాలి. వైరింగ్ కట్ చేసి బిగిస్తే ఎలక్ట్రికల్ భాగాల వారంటీ దగ్గర పేచీ వస్తుంది. కట్ చేయకుండా కప్లర్‌తో బిగించేవి మాత్రమే చూడాలి. పెట్టించుకునే ముందు సర్వీస్ సెంటర్‌లో అడగడం మంచిది.

ఈఎక్స్, ఈఎక్స్(ఓ): ఇక్కడే కథ మారింది

ఈఎక్స్‌లో 8 అంగుళాల టచ్ స్క్రీన్ వస్తుంది. వైర్ లేకుండానే ఆండ్రాయిడ్ ఆటో, యాపిల్ కార్‌ప్లే పనిచేస్తాయి. రోజూ మ్యాప్ పెట్టుకుని తిరిగేవాళ్లకు ఇది కావాల్సిందే.

2025 మార్చిలో ఈఎక్స్(ఓ) అనే కొత్త వేరియంట్ వచ్చింది. అప్పటి ధర 12.97 లక్షలు. అంతకుముందు పనోరమిక్ సన్‌రూఫ్ కావాలంటే ఎస్(ఓ) దాకా వెళ్లాలి. ఇప్పుడు దీంట్లోనే వచ్చేస్తోంది. ఆటోమేటిక్ కూడా అంతే. లాంచ్ టైమ్‌లో ఆటోమేటిక్ ఎస్(ఓ) నుంచే మొదలయ్యేది. ఈఎక్స్(ఓ) ఐవీటీ 14.37 లక్షలకు రావడంతో హైదరాబాద్ ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కి తొక్కి విసిగిపోయినవాళ్లకు దారి కొంచెం చవకైంది.

ఎస్, ఎస్(ఓ): మధ్యలో ఉన్న అసలు పోటీ

ఎస్ దగ్గర వెనక కెమెరా లాంటి రోజువారీ సౌకర్యాలు చేరతాయి. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో, ఇరుకు సందుల్లో పార్క్ చేసేవాళ్లకు సన్‌రూఫ్ కంటే ఈ కెమెరానే ఎక్కువ పనికొస్తుంది. వెనక ఆడుకునే పిల్లలు ఉన్న ఇళ్లలో అయితే ఇది తప్పనిసరి అనే చెప్పాలి.

ఎస్(ఓ)తో కారు చూపు మారుతుంది. 17 అంగుళాల అల్లాయ్ వీల్స్, పనోరమిక్ సన్‌రూఫ్, డ్యూయల్ జోన్ ఏసీ, తాళం తిప్పే పని లేకుండా బటన్ స్టార్ట్. పెట్రోల్ మాన్యువల్, పెట్రోల్ ఆటోమేటిక్, డీజిల్ మాన్యువల్, డీజిల్ ఆటోమేటిక్.. నాలుగూ దీంట్లో దొరుకుతాయి. అందుకే కుటుంబాలు ఎక్కువగా ఆగి ఆలోచించాల్సిన మెట్టు ఇదే. ఒక్క మాట. 17 అంగుళాల టైర్లు 16 అంగుళాల వాటికంటే ఖరీదు. నాలుగేళ్లకు మార్చేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది.

ఎస్ఎక్స్, ప్రీమియం, టెక్, ఎస్ఎక్స్(ఓ): పై నాలుగు మెట్లు

ఎస్ఎక్స్‌లో స్క్రీన్ 10.25 అంగుళాలకు పెరుగుతుంది. 2025 మార్చిలోనే వచ్చిన ఎస్ఎక్స్ ప్రీమియంలో గాలి వచ్చే ముందు సీట్లు, డ్రైవర్‌కు కరెంటుతో జరిగే సీటు, బోస్ స్పీకర్లు ఉన్నాయి. ఎండాకాలం విజయవాడలో, రామగుండంలో మధ్యాహ్నం కారెక్కేవాళ్లకు గాలి వచ్చే సీటు విలాసం కాదు, అవసరమే అనిపిస్తుంది.

ఎస్ఎక్స్ టెక్‌లో అడాస్ వస్తుంది. ముందు బండి దగ్గరికొస్తే హెచ్చరించడం, అవసరమైతే బ్రేక్ వేయడం, లేన్ దాటితే స్టీరింగ్ సరిచేయడం, అద్దంలో కనపడని బండిని చూపించడం లాంటి 19 ఫీచర్లు దీంట్లో ఉన్నాయి. ఎస్ఎక్స్(ఓ)లో ఇవన్నీ ఉంటాయి. వాటికి తోడు డ్రైవర్ ముందు 10.25 అంగుళాల డిజిటల్ డిస్‌ప్లే, 360 డిగ్రీల కెమెరా చేరతాయి.

టర్బో పెట్రోల్ మామూలు క్రెటాలో లాంచ్ అయినప్పుడు ఎస్ఎక్స్(ఓ) డీసీటీ ఆటోమేటిక్‌లోనే ఇచ్చారు. అప్పటి ధర 20 లక్షలు. టర్బో ఇంజిన్‌కు మాన్యువల్ గేర్ కావాలంటే 2024 మార్చిలో వచ్చిన క్రెటా ఎన్ లైన్ చూడాలి.

అడాస్ కోసం డబ్బు పెట్టాలా?

ఇది ఎక్కువమందికి వచ్చే డౌట్. లేన్ గీతలు సరిగ్గా ఉన్న హైవేల మీద అడాస్ బాగా పనిచేస్తుంది. నెలకు నాలుగైదు సార్లు హైదరాబాద్-విజయవాడ హైవే ఎక్కేవాళ్లకు, రాత్రిళ్లు నడిపేవాళ్లకు అదొక రెండో కన్ను. సిటీలో మాత్రం పక్క నుంచి బైకులు దూరుతుంటే పదే పదే మోగుతుంది. కొందరు విసుగొచ్చి ఆపేస్తారు. ఆపేసే ఫీచర్‌కు డబ్బు పెట్టడం వృథా.

ఇంకో ఖర్చు కూడా ఉంది. అడాస్ కెమెరా ముందు అద్దం వెనకే ఉంటుంది. రాయి తగిలి అద్దం పగిలితే కొత్త అద్దం బిగించాక కెమెరాను మళ్లీ సరిచేయాలి. అందుకే అడాస్ ఉన్న కారుకు ఇన్సూరెన్స్‌లో అద్దం సంగతి అడిగి తీసుకోవాలి.

డీజిల్ తీసుకుంటే నిజంగా మిగులుతుందా?

ఒకే వేరియంట్‌లో పెట్రోల్ కంటే డీజిల్ దాదాపు లక్షన్నర ఎక్కువ. లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ కలిపితే ఆన్‌రోడ్‌లో తేడా 1.8 లక్షల దాకా వెళ్తుంది. కంపెనీ చెప్పే మైలేజీ మాన్యువల్ పెట్రోల్‌కు 17.4, డీజిల్‌కు 21.8 కిలోమీటర్లు. రోడ్డు మీద 13, 17 వస్తుందని అనుకుందాం. లీటరు పెట్రోల్ 107 రూపాయలు, డీజిల్ 96 రూపాయలు అని లెక్క వేద్దాం.

పెట్రోల్‌కు కిలోమీటరుకు 8 రూపాయల 23 పైసలు. డీజిల్‌కు 5 రూపాయల 65 పైసలు. మిగిలేది కిలోమీటరుకు 2 రూపాయల 58 పైసలు. ఆ లెక్కన 1.8 లక్షలు తిరిగి రావాలంటే దాదాపు 70 వేల కిలోమీటర్లు తిరగాలి. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగేవాళ్లకు అది ఐదేళ్ల పది నెలలు. నెలకు రెండు వేలు తిరిగేవాళ్లకు మూడేళ్ల లోపే. కంపెనీ చెప్పిన మైలేజీతోనే లెక్కేస్తే ఏకంగా లక్ష కిలోమీటర్లు దాటాలి.

సిటీలో రోజూ నాలుగైదు కిలోమీటర్లు మాత్రమే నడిపేవాళ్లు డీజిల్ జోలికి పోకపోవడమే మంచిది. బీఎస్6 డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉంటుంది. ఇంజిన్ బాగా వేడెక్కి కాసేపు స్పీడులో నడిస్తేనే ఆ మసి కాలిపోతుంది. ఎప్పుడూ చిన్న చిన్న ట్రిప్పులే అయితే ఫిల్టర్ నిండి వార్నింగ్ లైట్ వెలుగుతుంది. ఊరికీ టౌనుకీ రోజూ 60, 70 కిలోమీటర్లు తిరిగే రైతు కుటుంబాలకు, వ్యాపారులకు, టూర్లు ఎక్కువ ఉండే ఉద్యోగులకు డీజిల్ సరైనదే.

ఎక్స్‌షోరూమ్‌లో లక్ష.. చేతిలోంచి పోయేది లక్షన్నర

వేరియంట్లు పోల్చేటప్పుడు అందరూ ఎక్స్‌షోరూమ్ ధరే చూస్తారు. అసలు తేడా అక్కడ కనపడదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ లైఫ్ ట్యాక్స్ కారు ధరను బట్టి స్లాబుల్లో ఉంటుంది. ధర పెరిగి పై స్లాబులోకి వెళ్తే శాతం కూడా పెరుగుతుంది. ఉదాహరణకు 18 శాతం స్లాబులో ఉంటే, లక్ష ఎక్కువ ఉన్న వేరియంట్‌కు ట్యాక్స్ ఒక్కటే 18 వేలు ఎక్కువ. ఇన్సూరెన్స్ కూడా కలిపితే లక్ష కాస్తా 1.2 లక్షలు అవుతుంది. ఆ మొత్తాన్ని 9 శాతం వడ్డీకి ఐదేళ్ల లోన్‌లో పెడితే నెలకు దాదాపు 2,490 రూపాయలు. ఐదేళ్లకు కట్టేది దాదాపు లక్షన్నర.

షోరూమ్‌లో "రెండు వేలే కదా" అన్నప్పుడు ఈ లెక్క గుర్తుకు రావాలి.

కారు ధర 10 లక్షలు దాటితే ఒక శాతం టీసీఎస్ కూడా తీసుకుంటారు. ఇది పోయే డబ్బు కాదు. ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ వేసినప్పుడు కట్టాల్సిన ట్యాక్స్‌లో సర్దుబాటు అవుతుంది, ఎక్కువైతే రిఫండ్ వస్తుంది. బిల్లు ఎవరి పేరు మీద ఉంటే వాళ్ల పాన్‌కే జమ అవుతుంది కాబట్టి రిటర్న్ వేసేవాళ్ల పేరు మీద కొనడం తేలిక. ఇప్పటికే అదే పేరు మీద ఇంకో కారు ఉంటే లైఫ్ ట్యాక్స్ ఎంత పడుతుందో ముందే అడగండి.

ఇన్సూరెన్స్ షోరూమ్‌లోనే తీసుకోవాలన్న రూల్ లేదు. బయట రెండు కంపెనీల కొటేషన్ తెచ్చి చూపిస్తే చాలాసార్లు అక్కడే తగ్గిస్తారు. కొత్త కారుకు థర్డ్ పార్టీ మూడేళ్లకు తప్పనిసరి. సొంత డ్యామేజీ కవర్ ఏడాదికి తీసుకుని తర్వాత రెన్యువల్ చేసుకోవచ్చు.

ఎవరికి ఏది?

బడ్జెట్ గట్టిగా ఉండి, సేఫ్టీ ముఖ్యం అనుకునేవాళ్లకు ‘ఇ’ లేదా ఈఎక్స్. ఎయిర్‌బ్యాగుల విషయంలో టాప్‌తో సమానమే.

తొలి కారు కొనే చిన్న కుటుంబానికి, సిటీ ఆటోమేటిక్ కావాల్సినవాళ్లకు ఈఎక్స్(ఓ). సన్‌రూఫ్ మీద పిల్లల పట్టు కూడా తీరుతుంది. అయితే రన్నింగ్‌లో పిల్లల్ని సన్‌రూఫ్‌లోంచి నిలబెట్టడం ప్రాణాల మీదకు తెస్తుంది. సడన్ బ్రేక్ పడితే ఏ ఎయిర్‌బ్యాగూ కాపాడలేదు.

ఏడెనిమిదేళ్లు ఉంచుకుందాం, ఊరికీ సిటీకీ రెండింటికీ కావాలి అనుకునేవాళ్లకు ఎస్(ఓ).

నెలకు రెండు వేల కిలోమీటర్లు దాటి హైవే మీదే ఎక్కువ నడిపేవాళ్లకు డీజిల్, కుదిరితే అడాస్ ఉన్న టెక్. ఎండలో ఎక్కువ తిరిగేవాళ్లకు, సౌకర్యమే ముఖ్యం అనుకునేవాళ్లకు ఎస్ఎక్స్ ప్రీమియం. లోన్ లేకుండా, లేదా జీతంలో ఈఎంఐ భారం అనిపించకుండా కొనగలిగితేనే ఎస్ఎక్స్(ఓ).

బుకింగ్ ముందు ఇవి మర్చిపోవద్దు

* కంపెనీ వేరియంట్ల ఫీచర్లను మధ్యలో మారుస్తూ ఉంటుంది. వీడియోలో చూసిన ఫీచర్ ఇప్పటి బ్రోచర్‌లో ఉందో లేదో టిక్ పెట్టుకోండి.
* టెస్ట్ డ్రైవ్‌కు సాధారణంగా టాప్ వేరియంట్ ఇస్తారు. మీరు కొనే ఇంజిన్, గేర్‌బాక్స్ ఉన్న బండే అడగండి. ఇంట్లో పెద్దవాళ్లను వెనక సీట్లో కూర్చోబెట్టి చూడండి.
* ఆన్‌రోడ్ కొటేషన్ లైన్ వారీగా కాగితం మీద తీసుకోండి. యాక్సెసరీస్, హ్యాండ్లింగ్ చార్జీల పేరుతో ఉన్నవి అడిగి తీయించండి.
* రిజిస్ట్రేషన్‌కు ముందే బండి చూడండి. తయారైన నెల, సంవత్సరం, ఓడోమీటర్, టైర్ల తేదీ, పెయింట్ గీతలు పగటి వెలుతురులో చెక్ చేయాలి. పాత సంవత్సరం స్టాక్ అయితే డిస్కౌంట్ అడగడం మీ హక్కు.
* స్టాండర్డ్ వారంటీ మూడేళ్లు, కిలోమీటర్ల లిమిట్ లేదు. ఎక్కువ కాలం ఉంచుకునేవాళ్లు పొడిగించిన వారంటీ ధర ముందే కనుక్కోండి.

చివరిగా ఒక చిన్న పని. షోరూమ్‌కు వెళ్లే ముందు రోజు రాత్రి ఇంట్లో అందరూ కూర్చుని, లేకపోతే కుదరదు అనుకునే ఐదు ఫీచర్లు ఒక కాగితం మీద రాసుకోండి. ఆ ఐదూ ఉన్న అన్నిటికంటే కింది వేరియంటే మీది. దానిపైన ఉన్నవన్నీ చూడ్డానికి బాగుంటాయి. కానీ ఈఎంఐ మెసేజ్ మాత్రం నెలనెలా మీ ఫోన్‌కే వస్తుంది.